ఇంటర్ చదివేవాళ్లకు నవలలు ఎందుకంటే

టీనేజ్ నవలలు చదవడం దండగ అని నాతో అనేవాళ్లు రెండు రకాలు. మొదటి రకం బంధువులు, కాలేజీలో లెక్చరర్లు, పక్క ఫ్లాట్ ఆంటీ. వాళ్ల లెక్క సూటిగా ఉంటుంది: నువ్వు ఇంటర్ సెకండియర్, బైపీసీ, మేలో నీట్, నవల మీద పెట్టే రెండు గంటలు బోటనీ మీద పెడితే ఒక చాప్టర్ రివిజన్ అయిపోతుంది. రెండో రకం నిజంగా పుస్తకాలంటే ప్రాణం పెట్టేవాళ్లు. మా పెద్దనాన్న ఈ రకం. నల్గొండలో ఆయన ఇంట్లో గోడ పొడవునా పుస్తకాలే. నేను చదువుతుంటే ఆయనకు సంతోషం, కానీ చేతిలో ఉన్నది ఏంటో చూశాక ఆ సంతోషం కాస్త తగ్గుతుంది. "ఈ అమెరికా పిల్లల కథలు ఎందుకు బిడ్డా, చదివేదేదో చలాన్ని చదువు, కొడవటిగంటిని చదువు, బుచ్చిబాబును చదువు" అంటారు. మొదటి రకంవాళ్లతో నాకు పెద్ద గొడవ లేదు, సిలబస్‌లో లేని ఏ పుస్తకమైనా వాళ్లకు ఒకటే. నేను జవాబు చెప్పాలనుకుంటున్నది పెద్దనాన్నకు, ఆయనలా ఆలోచించేవాళ్లకు. నవల ఒక మనిషిని ఏం చేయగలదో వాళ్లకు బాగా తెలుసు, తెలిసి కూడా ఈ ఒక్క రకం నవలల్ని పక్కకు నెట్టేస్తున్నారు.

పెద్దనాన్న ఇచ్చినవి నేను చదివాను, కొన్ని చాలా నచ్చాయి కూడా. అయితే వాటిలో నా వయసు మనుషులు, పెద్దయినవాళ్లు వెనక్కి తిరిగి చూసుకుంటే ఎలా కనిపిస్తారో అలా కనిపిస్తారు. ముప్పై ఏళ్ల తర్వాత గుర్తు చేసుకుంటే పదహారేళ్ల వయసు చాలా అందంగానో, చాలా అమాయకంగానో ఉంటుందేమో. అందులో ఉన్నప్పుడు అలా ఉండదు. రేపు ఏమవుతుందో తెలీదు, ఇదంతా ఎప్పటికో తీపి జ్ఞాపకం అవుతుందని అసలే తెలీదు, తర్వాత అనేది ఒకటుంటుందా అన్న అనుమానం కూడా కొన్ని రాత్రుళ్లు వస్తుంది. నేను చదివే నవలలు ఆ వయసు లోపల నిలబడి మాట్లాడతాయి. ఇంకో సంగతి, నా దృష్టిలో అసలు సంగతి: వాటిలో పదహారేళ్ల మనిషి ఒక నిర్ణయం తీసుకుంటే అది లెక్కలోకి వస్తుంది, దాని బరువు కూడా ఆ మనిషే మోయాలి. మా జీవితాల్లో లేనిది సరిగ్గా అదే.

మా దగ్గర పదో తరగతి నుంచి ఇంటర్ అయ్యేదాకా నడిచే కాలాన్ని ఎవరూ జీవితం కింద జమ కట్టరు. "ఈ రెండేళ్లు కష్టపడు, తర్వాత లైఫంతా హ్యాపీ" అనే మాట వినని పిల్లలు తెలంగాణలోనూ ఉండరు, ఆంధ్రలోనూ ఉండరు. పాటలు తర్వాత, స్నేహాలు తర్వాత, కోపం తర్వాత, ప్రేమ అయితే చాలా చాలా తర్వాత. రెండేళ్లపాటు మనిషిని అలా ఆపి ఉంచొచ్చని అనుకుంటారు. ఆ రెండేళ్లలోనే మాకు అన్నీ జరుగుతాయి. తాతయ్యలు చనిపోతారు, ఫ్రెండ్స్ విడిపోతారు, నాన్నల ఉద్యోగాలు పోతాయి, మన ఒళ్లు మనకే కొత్తగా ఉంటుంది, దేవుడి మీద నమ్మకం పోయి మళ్లీ వస్తుంది. వాటన్నిటినీ స్టడీ అవర్‌లో కూర్చుని, ఎదురుగా ఫిజిక్స్ మెటీరియల్ తెరిచి పెట్టుకుని, పక్కవాళ్లకు కూడా తెలియకుండా అనుభవిస్తాం.

'డైవర్జెంట్' చదివినప్పుడు నన్ను పట్టి ఆపింది ఇదే. వెరోనికా రాత్ కాలేజీలో చదువుకుంటూ రాసిన నవల, 2011లో వచ్చింది. ఎప్పుడో రాబోయే కాలంలో షికాగో నగరం, అందులో జనమంతా ఐదు వర్గాలు. ఒక వర్గానికి నిస్వార్థం గొప్ప, ఒకరికి ధైర్యం, ఒకరికి తెలివి, ఒకరికి శాంతి, ఒకరికి నిజాయితీ. పదహారేళ్లు రాగానే ప్రతి ఒక్కరూ అందరి ముందూ నిలబడి తాము బతుకంతా ఏ వర్గంలో ఉంటారో ఎంచుకోవాలి. ముందురోజు ఒక పరీక్ష పెట్టి నువ్వు దేనికి సరిపోతావో చెబుతారు, ఎంపిక మాత్రం నీదే, ఎంచుకున్నాక వెనక్కి రావడం ఉండదు. అమెరికా పిల్లలు దీన్ని ఊహాలోకంగా చదివి ఉంటారు. నేను మాత్రం ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ, సీఈసీ, హెచ్‌ఈసీ అని వేళ్లు మడుస్తూ చదివాను. మా దగ్గర పదో తరగతి పరీక్షలు కూడా అవకముందే కాలేజీల పీఆర్‌ఓలు ఇంటికి వచ్చి కూర్చుంటారు, ఇప్పుడే అడ్వాన్స్ కడితే ఫీజులో కన్సెషన్ అంటారు, ఆ సాయంత్రానికి ఒక మనిషి డాక్టరో ఇంజినీరో తేలిపోతుంది.

నవలలో ఆ ఎంపిక సభ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఐదు పెద్ద గిన్నెలు, ఒకదాంట్లో మట్టి, ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో రాళ్లు, ఒకదాంట్లో గాజు, ఒకదాంట్లో మండే బొగ్గులు. చెయ్యి కోసుకుని ఏ గిన్నెలో రక్తపు చుక్క పడనిస్తే అదే నీ వర్గం. కథ చెప్పే అమ్మాయి బియాట్రిస్ కంటే ముందు ఆమె అన్న కేలబ్ వెళ్లి, అమ్మానాన్నల వర్గాన్ని వదిలేసి తెలివిగలవాళ్ల వైపు వెళ్లిపోతాడు. ఇక కూతురైనా మిగులుతుందని అమ్మానాన్నలు ఎదురుచూస్తుండగా బియాట్రిస్ రక్తం ధైర్యవంతుల బొగ్గుల మీద పడుతుంది. ఆమె తలెత్తి చూస్తే నాన్న చూపులో నింద ఉంటుంది, పక్కనే అమ్మ నవ్వుతుంటుంది. ఆ రెండు ముఖాలు పక్కపక్కన పెట్టిన రచయితకు అప్పుడు ఇరవై రెండేళ్లు. నాకు మాత్రం మా హాల్ గుర్తొచ్చింది. నా గ్రూపు గురించి మాట్లాడినప్పుడు అక్కడ అమ్మ, నాన్న, మామయ్య, ఫోన్‌లో అక్క, పీఆర్‌ఓ ఉన్నారు. నేను కూడా ఉన్నాను, కానీ నన్నెవరూ ఏమీ అడగలేదు. నాకు బైపీసీ అంటే ఇష్టం, జువాలజీ అంటే ఇంకా ఇష్టం, ఎవరైనా అడిగి ఉంటే అదే చెప్పేదాన్ని. అడగకుండా నాకు నచ్చినదే ఇచ్చినా అది నాది అవ్వలేదన్న సంగతి ఆ నవల చదివేదాకా నాకు మాటల్లో దొరకలేదు.

నవలగా 'డైవర్జెంట్' గొప్పదని నేను వాదించను. సగం నుంచి ట్రైనింగ్, కొట్లాటలు, ప్రేమ, అన్నీ హడావిడిగా సాగుతాయి, తర్వాతి భాగాల్లో కథ మరీ చిక్కులు పడింది. కానీ ఆ సభ ఉన్న పేజీల కోసం నేను ఆ పుస్తకాన్ని ఎక్కడైనా సమర్థిస్తాను.

సుజాన్ కాలిన్స్ రాసిన 'ది హంగర్ గేమ్స్' సంగతి వేరు, అది 2008లో వచ్చింది, మొదటి పేజీ నుంచి చివరిదాకా గట్టి నవల. ఎంట్రన్స్ పరీక్షల్ని, లాటరీలో పేరు వచ్చిన పిల్లల్ని చచ్చేదాకా ఒకరితో ఒకరిని కొట్లాడించే ఈ ఆటలతో పోల్చి జనం చాలా మీమ్స్ చేస్తుంటారు, నాకవి నచ్చవు, ఎందుకంటే ఆ పోలికలో కథలోని అసలు పదును పోతుంది. ఆ పదును ఆటలో కంటే ముందు, చీటీల్లో ఉంది. పన్నెండేళ్లు వచ్చినప్పటి నుంచి ప్రతి పిల్ల పేరూ ఏటా ఒక చీటీ చొప్పున లాటరీలో పడుతుంది. ఇంట్లో తిండి లేకపోతే ఇంకో చీటీ వేయించుకోవచ్చు, దానికి బదులుగా ఒక మనిషికి ఏడాదికి సరిపడా కాస్త గింజలు, నూనె ఇస్తారు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని చీటీలు వేయించుకోవచ్చు, పాతవి పోవు, ఏటా పెరుగుతూ ఉంటాయి. కథ మొదలయ్యేసరికి పదహారేళ్ల కాట్నిస్ పేరు 20 చీటీల మీద ఉంటుంది. ఆమె స్నేహితుడు గేల్ పేరు 42 మీద. మేయర్ గారి అమ్మాయికి ఎప్పుడూ తిండికి కరువు లేదు కాబట్టి ఆమె పేరున్న చీటీలు చాలా తక్కువ.

ఈ పుస్తకం నా బెంచ్‌మేట్‌కు ఇస్తే, తిరిగి ఇచ్చినప్పుడు ఆ 20 ఎలా వచ్చిందో పెన్సిల్‌తో మార్జిన్‌లో లెక్క వేసి ఉంది. తనకు ఒకటి, చెల్లికి ఒకటి, అమ్మకు ఒకటి, మామూలుగా పడేది ఒకటి, ఏడాదికి నాలుగు, అయిదేళ్లకు 20. వాళ్ల నాన్న ఆటో నడుపుతారు, ఇంట్లో తనే పెద్దది, చెల్లెలి చదువు తన సీటు మీద ఆధారపడి ఉందని వాళ్లింట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఆ లెక్క కింద తను ఏమీ రాయలేదు. మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు కూడా. కానీ ఆ పిల్ల అప్పటిదాకా ఏ కథల పుస్తకంలోనూ లెక్క వేసి చూసుకునేంత దగ్గరి విషయం చదవలేదని నాకు అర్థమైంది. చెల్లెలి పేరు వచ్చినప్పుడు కాట్నిస్ ముందుకొచ్చి నేను వెళ్తాను అంటుంది కదా, సినిమాలో అది వీరత్వంలా ఉంటుంది. చీటీల లెక్క తెలిశాక చదివితే అది పన్నెండేళ్ల వయసు నుంచి తను చేస్తున్న పనికి కొనసాగింపు.

ఇంతకంటే నెమ్మదిగా చెప్పాల్సిన పుస్తకం ఒకటుంది. లారీ హాల్స్ ఆండర్సన్ రాసిన 'స్పీక్', 1999లో వచ్చింది. ఆబిడ్స్‌లో ఆదివారాలు దుకాణాలు మూసేశాక ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు, అక్కడ కొన్నాను, అట్ట మీద ఒక అమ్మాయి ముఖం, మీద చెట్టు కొమ్మలు. మెలిండా అనే తొమ్మిదో తరగతి అమ్మాయి కథ. వేసవి చివర్లో ఒక పార్టీలో ఒక సీనియర్ ఆమె మీద అత్యాచారం చేస్తాడు. ఆమె పోలీసులకు ఫోన్ చేస్తుంది, నోట మాట రాదు, పోలీసులు వచ్చేసరికి పార్టీ చెదిరిపోతుంది, బడి తెరిచాక అందరూ ఆమెను పోలీసుల్ని పిలిచి తమను ఇరికించిన అమ్మాయిగానే చూస్తారు. ఎందుకు పిలిచిందో ఒక్కరూ అడగరు. ఆమె మెల్లగా మాట్లాడటం మానేస్తుంది. బడిలో వాడకుండా వదిలేసిన ఒక చిన్న గదిలో దాక్కుంటుంది. నవలను స్కూల్ టర్ముల ప్రకారం భాగాలు చేశారు, భాగం చివర రిపోర్టు కార్డు ఉంటుంది, అందులో బయాలజీ, ఆల్జీబ్రాతో పాటు మధ్యాహ్న భోజనానికి కూడా గ్రేడు. ఒంటరిగా కూర్చుని తినేవాళ్లకు ఆ గ్రేడు ఎందుకో వెంటనే తెలుస్తుంది.

నేను టెన్త్‌లో ఉన్నప్పుడు, దిల్‌సుఖ్‌నగర్ వెళ్లే బస్సులో, రద్దీలో, ఒక మనిషి చెయ్యి. అంతకంటే రాయను. నేను దిగాల్సిన స్టాపు కంటే ముందే దిగి నడుచుకుంటూ ఇంటికెళ్లాను, ఆలస్యం ఎందుకైందంటే ట్యూషన్‌లో ఎక్స్‌ట్రా క్లాస్ అని చెప్పాను. మాకు అప్పటికే స్కూల్లో గుడ్ టచ్, బ్యాడ్ టచ్ క్లాసు అయింది, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద రాసి ఉంది, పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడటానికి 2012లో పోక్సో చట్టం వచ్చిందని, పద్దెనిమిదేళ్లలోపు అందరికీ వర్తిస్తుందని సోషల్ టీచర్ చెప్పారు. అన్నీ తెలుసు. తెలిసి కూడా నోరు ఎందుకు రాలేదో ఏ క్లాసులోనూ చెప్పలేదు. మెలిండా పెదవులు కొరుక్కుని పుండ్లు చేసుకుంటుంది, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉంటుందంటుంది, చెప్పాలనుకున్న ప్రతిసారీ ఎదుటివాళ్లు నమ్మరేమో అని ఆగిపోతుంది. అది చదివాక నాలో ఏదో తప్పుందన్న ఆలోచన పోయింది. ఒక నవల నాకు చేసిన పెద్ద మేలు అది, దీని ముందు శైలి గొప్పదా, తేలికదా అన్న చర్చ నాకు చిన్నదిగా కనిపిస్తుంది. చదివిన కొన్నాళ్లకు అమ్మకు చెప్పాను. అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని తనకు ఇంటర్‌లో జరిగింది చెప్పింది, అది కూడా బస్సే.

ఈ పుస్తకాన్ని అమెరికాలోనే చాలాచోట్ల బడుల్లోంచి తీసేయమని అడిగారు, 2010లో మిస్సోరీ రాష్ట్రంలో ఒకాయన దీన్ని అశ్లీలం కింద జమకట్టి పత్రికకు రాశాడు. ఇక్కడ కూడా ఎవరైనా తెలుగులో ఇలాంటిది రాస్తే ఇవన్నీ చిన్నపిల్లలకు ఎందుకు అంటారని నాకు తెలుసు. చిన్నపిల్లలకు ఇవి జరుగుతున్నాయి కాబట్టి. జరగనిచ్చి, చదవనివ్వకపోతే మిగిలేది ఒంటరితనమే. నవలలో అమ్మాయిల టాయిలెట్ గోడ మీద, దూరంగా ఉండాల్సిన అబ్బాయిల జాబితా అని మెలిండా ఒక పేరు రాస్తుంది. కొన్నాళ్లకు వెళ్లి చూస్తే దాని కింద వేరే వేరే చేతిరాతల్లో ఇంకా ఎంతోమంది రాసి ఉంటారు. పెద్దనాన్నా, ఇది మీరు ఇచ్చిన ఏ పుస్తకంలోనూ లేదు, ఉండే అవకాశం కూడా లేదు, ఎందుకంటే వాటిని రాసినవాళ్లు ఆ గోడ ముందు ఎప్పుడూ నిలబడలేదు.

ఇంతవరకు పొగిడాను, ఇప్పుడు నా ఫిర్యాదు చెబుతాను. ఈ నవలల్లో అమ్మానాన్నలు సరిగ్గా ఉండరు. కాట్నిస్ తండ్రి గని ప్రమాదంలో పోయాడు, తల్లి ఆ దిగులులో మంచం పట్టింది. 'ది ఔట్‌సైడర్స్'లో ముగ్గురు అన్నదమ్ములు, అమ్మానాన్నలు కారు ప్రమాదంలో పోయారు. మెలిండా అమ్మానాన్నలు బతికే ఉన్నారు కానీ వంటింటి గట్టు మీద చీటీలు రాసి పెట్టి కూతురితో మాట్లాడతారు. పిల్లల చేత నిర్ణయం తీసుకోనివ్వాలంటే ముందు పెద్దవాళ్లను కథలోంచి తప్పించడం ఈ రచయితలకు సులువైన దారి. ఆ దారి మాకు పనికిరాదు. మా ఇళ్లలో పెద్దవాళ్లు ప్రతి గదిలోనూ ఉంటారు. నా నిర్ణయం అంటే అమ్మ కొంగులో ముడివేసిన డబ్బు, నాన్న పీఎఫ్ లోను, అక్క పెళ్లి ఎప్పుడనేది, అమ్మమ్మ ఆరోగ్యం, అన్నీ కలిసి ఉంటాయి. కాట్నిస్‌లా అడవిలోకి వెళ్లి విల్లు పట్టుకోవడం చదవడానికి బాగుంటుంది, కానీ సాయంత్రం ఆరయ్యేసరికి ఎక్కడున్నావని నాలుగు ఫోన్లు వచ్చే ఇంట్లో తిరుగుబాటు చాలా చిన్న గొంతుతో జరుగుతుంది.

అందుకే జాన్ గ్రీన్ రాసిన 'ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్'లో నాకు మిగతావాళ్లకు నచ్చింది నచ్చలేదు, మిగతావాళ్లు దాటేసింది నచ్చింది. అది 2012 నాటి నవల, 2020లో హిందీలో 'దిల్ బేచారా' అని సినిమాగా వచ్చింది, మా క్లాసులో సగం మంది ఆ సినిమా చూసి ఏడ్చారు. హేజెల్‌కు పదహారేళ్లు, క్యాన్సర్, ఆక్సిజన్ సిలిండర్ లాక్కుంటూ తిరుగుతుంది. ఆమె, ఆమె ప్రేమించే గస్ మాట్లాడుకునే తీరు నాకు అతిగా అనిపించింది. ప్రతి వాక్యం ఎక్కడో రాసి పెట్టుకోవాల్సిన సూక్తిలా ఉంటుంది, నాకు తెలిసిన పదహారేళ్ల వాళ్లెవరూ అలా మాట్లాడరు, మేం సగం మాటలు మింగేస్తాం. కానీ హేజెల్ పద్నాలుగేళ్లప్పుడు ఐసీయూలో ఉండగా, ఇక నేను ఒక తల్లిని కాకుండా పోతాను అని వాళ్లమ్మ ఏడవడం వింటుంది. ఆ మాట ఆమెను ఏళ్ల తరబడి వదలదు. తను పోతే అమ్మకు ఏమీ మిగలదన్న భయంతోనే బతుకుతుంది. చివరికి ఒక రోజు ఆ భయం పైకి చెప్పేస్తే, అమ్మ తను రహస్యంగా సోషల్ వర్క్ కోర్సు చదువుతున్నానని చెబుతుంది. కూతురు బాధపడుతుందేమోనని దాచిందట. హేజెల్ మాత్రం సంతోషంతో ఏడుస్తుంది. అమ్మకు తనను మించిన బతుకు ఒకటుందని తెలిసిన పిల్లకు ఎంత తేలిగ్గా ఉంటుందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే మా ఇళ్లలో "మా ఆశలన్నీ నీ మీదే" అనే మాటను ప్రేమగా అంటారు, మేం దాన్ని ప్రేమగానే తీసుకుంటాం, తీసుకుని నిద్ర పోగొట్టుకుంటాం.

అమ్మానాన్నలను తప్పించకుండా పిల్లల నిర్ణయాన్ని చూపించడం సాధ్యమేనని ఆ పేజీలు నాకు చెప్పాయి. మా మీద రాయబోయే నవల ఆ పని చేయాలి.

పెద్దనాన్న ఒకసారి దసరా సెలవుల్లో నా దగ్గరున్న 'ది ఔట్‌సైడర్స్' తీసుకుని చదివారు, చిన్న పుస్తకం, ఒక్క పూటలో అయిపోయింది. దాన్ని రాసిన ఎస్‌.ఇ. హింటన్ ఓక్లహామా రాష్ట్రంలో టల్సా ఊరి అమ్మాయి, పదిహేనేళ్లకు మొదలుపెట్టింది, 1967లో పుస్తకం వచ్చేసరికి ఆమెకు పద్దెనిమిది. అబ్బాయిల ముఠాల గురించి అమ్మాయి రాసిందంటే సమీక్షకులు పట్టించుకోరని ప్రచురణకర్తలు పేరు బదులు ఇనీషియల్స్ పెట్టమన్నారు. తన వయసువాళ్లు చదువుకోవడానికి తమ బతుకు లాంటి కథలు లేవు కాబట్టి రాశానని ఆమె చెప్పింది. అందులో పద్నాలుగేళ్ల పోనీబాయ్, పెద్దన్న డారీకి తనంటే అసహ్యం అనుకుంటాడు. డారీకి ఇరవై, తమ్ముళ్ల కోసం కాలేజీ చదువు వదులుకుని ఇళ్ల పైకప్పులు వేసే పనికి వెళ్తుంటాడు. ఆసుపత్రిలో డారీ ఏడవడం చూసిన రోజు పోనీబాయ్‌కు అన్న ఇన్నాళ్లూ ఎందుకు కోప్పడుతున్నాడో తెలుస్తుంది. పుస్తకం మూసి పెద్దనాన్న చాలాసేపు మాట్లాడలేదు. మా నాన్న చదువు కోసం ఆయన డిగ్రీ మధ్యలో ఆపేసి షాపులో కూర్చున్నారని మా ఇంట్లో అందరికీ తెలుసు. తర్వాత అన్నారు, "ఇది పిల్లల నవల కాదు బిడ్డా, మంచి నవల."

నేను ఆయనతో ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. అది పిల్లల నవలే. పద్నాలుగేళ్ల వాడు తన ఇంగ్లిష్ టీచర్ ఇచ్చిన హోంవర్క్ కోసం రాసిన కథగా అది ముగుస్తుంది, ఇరవై ఏళ్లు ఆగి, బుద్ధి వచ్చాక రాసినట్టు ఉంటే దానికి ఆ బలం ఉండేది కాదు. మా కోసం రాసింది బాగుంటే వెంటనే అది మాది కాదని తీసేసుకుంటారు, బాగా లేకపోతే టీనేజ్ నవలలు ఇంతే అంటారు. ఇలా లెక్క వేస్తే మాకెప్పుడూ మంచి పుస్తకం మిగలదు.

తెలుగులో పిల్లలకు చాలానే ఉంది. 1947 నుంచి వచ్చిన చందమామను మా అమ్మమ్మ, అమ్మ ఇద్దరూ చదువుకున్నారు. బుడుగు ఉన్నాడు, వాడు తన కథ తనే చెబుతాడు, నాకు ప్రాణం. అక్కడి నుంచి ఎగిరి దూకితే నేరుగా పెళ్లయినవాళ్ల కథలు, ఉద్యోగాలు, ఉద్యమాలు. మా అమ్మ వాళ్లు మా వయసులో వారపత్రికల సీరియల్స్ దొంగతనంగా చదివేవాళ్లు, వాటిలో అమ్మాయి వయసు పద్దెనిమిదో ఇరవయ్యో ఉన్నా కథ మాత్రం ఆమెకు ఎవరు దొరుకుతాడన్న దగ్గరే మొదలయ్యేది. ఈ మధ్యలో ఉన్న ఆరేళ్ల గురించి, అంటే ఇప్పుడు ఈ నిమిషంలో రెండు రాష్ట్రాల్లో లక్షల మంది హాస్టళ్లలో, బస్సుల్లో, ట్యూషన్లలో గడుపుతున్న కాలం గురించి, ఆ కాలంలోంచే మాట్లాడే నవల నా చేతికి ఇచ్చినవాళ్లు ఇంతవరకు లేరు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల గురించి, సాఫ్ట్‌వేర్ తప్పుల గురించి, రీవెరిఫికేషన్ గురించి పేపర్లలో చాలా వచ్చింది. ఆ పిల్లలకు ఏ పాటలు ఇష్టమో, ఎవరితో గొడవపడి మాట్లాడటం మానేశారో, ఫలితాలు రాకపోతే ఆ వేసవిలో ఏం చేయాలనుకున్నారో, అది రాయడం పేపర్ల పని కాదు. అది నవల పని, ఎవరూ చేయలేదు.

ఇంగ్లిష్‌లో ఉన్నాయి కదా, చదువుకోండి అంటే సరిపోదు. నా స్నేహితురాలు ఒకమ్మాయి సూర్యాపేట వైపు జిల్లా పరిషత్ స్కూల్లో తెలుగు మీడియం చదివి వచ్చింది, హాస్టల్‌లో ఉంటుంది, కెమిస్ట్రీ నాకంటే బాగా చెబుతుంది, ఇంగ్లిష్ నవల మాత్రం ఆమెకు రెండో పేజీకే అలుపు. 'స్పీక్' కథ నేను లంచ్‌లో రోజూ కొంచెం కొంచెం తెలుగులో చెప్పాను. అద్దం ముక్క పట్టుకుని మెలిండా ఆ సీనియర్‌ను ఎదిరించిన చోట తను అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసింది. చివర్లో మెలిండా డ్రాయింగ్ మాస్టారికి చెప్పడం మొదలుపెడుతుందని చెప్పాను. తను వెంటనే అడిగింది: "వాళ్లమ్మకు చెప్పిందా?" పుస్తకం అంతవరకు వెళ్లదు. తనకు అది అస్సలు నచ్చలేదు. అమ్మకు చెప్పకుండా ఎలా అయిపోతుంది, చెప్తే వాళ్లమ్మ ఏమంటుంది, నాన్నకు తెలిస్తే చదువు మాన్పిస్తారా, చెల్లెలుంటే దాని పరిస్థితి ఏంటి అని బెల్లు కొట్టేదాకా అడుగుతూనే ఉంది. ఆ ప్రశ్నలన్నీ సరైనవే. వాటితో మొదలయ్యే నవల మాకు కావాలి. అందులో ఆదివారం ఫోన్ కోసం నిలబడే క్యూ ఉండాలి, గేటు బయట ర్యాంకుల ఫ్లెక్సీ ఉండాలి, ఫీజు కట్టలేదని క్లాసులోంచి లేపి నిలబెట్టడం ఉండాలి, ఉన్నదున్నట్టు. అమ్మ చెడ్డది కాకూడదు, నాన్న చచ్చిపోకూడదు, వాళ్లు హాల్లో కూర్చుని ఉండగానే ఆ అమ్మాయి తన మాట చెప్పగలగాలి. మధ్యలో ఒక మంచి లెక్చరర్ వచ్చి ఉపన్యాసం ఇచ్చి అందరి బుద్ధులూ మార్చేయకూడదు. చివరికి ఆమెకు సీటు వచ్చిందో లేదో చెప్పకుండా వదిలేసినా నాకు అభ్యంతరం లేదు. వాళ్లమ్మ ఏమందో మాత్రం రాయాలి.